తలుపు ఓడలూ, మా లుంగీలూ

గల్ఫు ఒడ్డున ఉన్న రాస్ తనూరాలో మా అమ్మాయి వాళ్లింటికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున సిమెంటు బల్లలు వేశారు. సాయంత్రం ఎండ కాస్త మెత్తబడ్డాక కుటుంబాలన్నీ చాపలూ, టీ ఫ్లాస్కులూ, పిల్లల సైకిళ్లూ పట్టుకుని అక్కడికి చేరతాయి. అందరూ నీళ్ల వైపు ముఖం పెట్టి కూర్చుంటారు. నేనొక్కణ్ణే బల్ల మీద ఇటు తిరిగి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటాను. మా అల్లుడు మొహమాటానికి ఏమీ అనడు గానీ మా అమ్మాయి ఊరుకుంటుందా, "నాన్నా, సముద్రం అటుంది, నువ్వు చూస్తున్నది పార్కింగు" అని రోజూ ఒకసారైనా అంటుంది. నేను నవ్వేసి ఊరుకుంటాను, ఎందుకంటే ఆ అలవాటుకి కారణం చెప్పాలంటే ఒక సాయంత్రం చాలదు.

పోయిన వారం అలాగే కూర్చుని ఉంటే ఉన్నట్టుండి బల్లల మీద వాళ్లంతా లేచి నిలబడి ఫోన్లు పైకెత్తారు. ఏమిటా అని మెడ తిప్పి చూశాను. దూరంగా బూడిదరంగు ఓడ ఒకటి దక్షిణం నుంచి ఉత్తరానికి నింపాదిగా పోతోంది. ముందు భాగం మామూలు ఓడలాగే ఉంది గానీ, వెనక మాత్రం గోడ కట్టినట్టు నిటారుగా తెగి ఉంది. తెలియనివాళ్లు అది గోడే అనుకుంటారు. నాకు మాత్రం తెలుసు, అది గోడ కాదు, తలుపు. మా అల్లుడు తన ఫోనులో ఓడల పేర్లు చూపించే యాప్ ఏదో తీసి వేలితో అటూ ఇటూ జరిపాడు. చమురు ఓడలన్నీ పేర్లతో సహా కనిపిస్తున్నాయి. "ఇదొక్కటే లేదు మామయ్యా" అన్నాడు ఆశ్చర్యంగా. ఉండదు నాయనా, తలుపు ఓడలు తమ రాకపోకలు ఎవరికీ చెప్పవు అని మనసులో అనుకున్నాను.

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో పెద్ద పేరు. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ దాన్ని జబ్బు అనేది. నేను ఒప్పుకోను. నేను కరెంటు పనివాణ్ణి. మెయిన్ ఆపేశాం, చెయ్యి పెట్టు అని పైనుంచి ఎవరు కేకేసినా టెస్టర్ పెట్టి చూసుకోకుండా తీగ ముట్టుకోలేదు కాబట్టే ఈ వయసుకి పది వేళ్లతో మీకు ఈ కబుర్లు రాస్తున్నాను. నా ఈడువాళ్లలో గల్ఫులో పని చేసి వచ్చినవాళ్లకి ఈ అనుమానం ఎక్కడ పుడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టు కంపెనీ ఇనప్పెట్టెలో ఉంటే, మన రోజులు ఎవరి చేతిలోనో ఉంటే, మనిషి నిద్రలో కూడా ఒక కన్ను తెరిచే ఉంచుతాడు.

అప్పట్లో మా క్యాంపు జుబైల్ దాటి ఉత్తరాన, సముద్రానికీ హైవేకీ నడుమ ఉండేది. ముందు కంచె, కంచె దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. వెనక గేటు, గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే చూపు ఆనినంత మేర ఎడారి. కట్టడాల పనికి తెచ్చారు మమ్మల్ని. నేను కరెంటు పనికి, మా బావ పైపుల పనికి. మా బావంటే మా అక్క భర్త. మాదీ వాళ్లదీ శ్రీకాకుళం తీరమే గానీ, మా నాన్న విశాఖ పోర్టులో పనికి కుదురుకున్నాక మా ఇంట్లో సముద్రం ఎరిగినవాళ్లు లేకుండా పోయారు. మా బావ వాళ్లు మాత్రం తరతరాలుగా చేపల వేట మీద బతికినవాళ్లు. నేను వీసా మీద వస్తున్నప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని, ఆయన్ని నీళ్ల జోలికి పోనివ్వకురా, నీదే పూచీ అని చెప్పింది. దాని మావగారిని సముద్రమే తీసుకుపోయింది మరి, ఆ భయం దానిది.

క్యాంపులో మాకు మూడో తోడు, మేమందరం మామా అని పిలిచే కడప ఆయన. కంపెనీ బస్సు నడిపేవాడు. అయిదు పూటలా నమాజు, పూటకో గ్లాసు సులైమానీ టీ, మధ్యలో ఉన్న సమయమంతా ఎవరినో ఒకరిని అనుమానించడం. నా అనుమానం వైర్ల దాకానే, మామది ప్రపంచమంతటికీ. మెస్సులో పప్పు పలచబడితే వంటవాడి మీద, బస్సు టైరు మెత్తబడితే బంకువాడి మీద, జీతం రోజు ముదీర్ నవ్వుతూ పలకరిస్తే ముదీర్ మీద. ముదీర్ అంటే మా క్యాంపు మేనేజరు. ఆయన నవ్విన నెలలో ఏదో ఒక కోత ఉంటుందని మామ సిద్ధాంతం, అది తరచూ నిజమయ్యేది కూడా.

అలా ఉండగా పక్క దేశంలో యుద్ధం వచ్చి పడింది. ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఇంటి దగ్గర మనవాళ్లు రేడియోలకి చెవులు అంటించుకుని కూర్చున్నారట. ఇక్కడ మేమూ అంతే. సరిహద్దు వైపు పట్నాలు ఖాళీ అవుతున్నాయని లారీలవాళ్లు చెప్పేవారు. మా ముందున్న హైవే మీద రాత్రింబవళ్లు ట్యాంకులు మోసే బళ్లు బారులు తీరేవి. పని సగం ఆగిపోయింది. ఖురూజ్, అదే దేశం విడిచి పోనిచ్చే ముద్ర, కొట్టించి పంపెయ్యండి, ఊరికి పోతామని కొందరు అడిగితే, ముదీర్ నవ్వుతూ ఏమీ భయం లేదన్నాడు. ఆ నవ్వు చూసి మామ నా వైపు కనుబొమలు ఎగరేశాడు.

ఆ తర్వాత ఓడలు వచ్చాయి. ఒక పొద్దున కంచె దగ్గర పళ్లు తోముకుంటూ చూస్తే, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న నీళ్ల చివర బూడిదరంగు దిబ్బలు వరసగా లేచి ఉన్నాయి. కొన్నిటి పైకప్పు మైదానంలా చదును, దాని మీద హెలికాప్టర్లు ఈగల్లా వాలుతూ లేస్తూ ఉండేవి. కొన్నిటికి వెనక తలుపులు. ఆ తలుపు తెరుచుకుంటే ఓడ తన కడుపులోకి తానే నీళ్లు రానిచ్చి కొంచెం కుంగేది, లోపల కట్టేసి ఉన్న పడవలు తేలి, ఒకదాని వెనక ఒకటి బయటికి ఈదుకుంటూ వచ్చేవి. ఓడ కడుపులో పడవ, పడవ కడుపులో లారీ, లారీలో మనుషులు. మా క్యాంపులో వాటికి తలుపు ఓడలని పేరు పెట్టుకున్నాం. నీళ్లు లోపలికి రాకుండా చూసుకోవడమే ఓడ ధర్మం అనుకునే మాకు, తనంతట తానే నీళ్లు తెచ్చుకునే ఓడని చూస్తే నమ్మకం ఎలా కుదురుతుంది చెప్పండి.

వాటి పద్ధతులు చూడగా చూడగా మాకూ కొన్ని అర్థమయ్యాయి. మామూలు పడవ ఒడ్డుకి వస్తే అడుగు తగులుతుందేమోనని భయపడుతుంది. ఈ పడవలు కావాలని ఇసుక మీదికి ఎక్కేస్తాయి, అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి. ఎక్కేముందు వెనక నుంచి ఒక లంగరు నీళ్లలో వదిలేసి వస్తాయి. ముందున్న పలక దభీమని ఇసుక మీద పడుతుంది, దాని మీదుగా బళ్లూ మనుషులూ దిగుతారు, ఆ పైన ఆ లంగరు తాడునే చుట్టుకుంటూ పడవ తనని తాను వెనక్కి లాక్కుంటుంది. తిరిగి పోయే దారి ముందే చూసుకుని మరీ వస్తాయన్న మాట. అది చూసి మా బావ మెచ్చుకున్నట్టు తలాడించాడు. మామ ఆ తలాడింపుని గుర్తు పెట్టుకున్నాడు.

భయం పుట్టిన చోట మనుషులు ఒకరినొకరు ఎలా చూస్తారో అప్పుడు చూశాను. ఎవరు ముదీర్ గదికి వెళ్లినా ఏదో మోసుకెళ్లాడనేవారు. ఎవరు మెస్సులో గొంతు తగ్గించి మాట్లాడినా పక్కబల్ల మీద తినడం ఆగిపోయేది. ఆ ఓడలు నిజంగా యుద్ధానికి వచ్చాయా, లేక ఒడ్డునంతా స్వాధీనం చేసుకుని మమ్మల్ని ఎడారిలోకి తరిమేస్తారా అని రకరకాల ఊహలు. ఆ మధ్యలో మా బావ ఒక పని మొదలుపెట్టాడు. సాయంత్రం పని దిగగానే స్నానం కూడా చెయ్యకుండా ఒక్కడే ఇసుకలోకి పోవడం, మొలలోతు నీళ్లలో దిగి కాలితో అడుగు తడుముతూ అటూ ఇటూ నడవడం, చీకటి పడేముందు తిరిగి రావడం. ఒకనాడు సామాన్ల షెడ్డు నుంచి రెండు ఇనప పైపులు భుజాన వేసుకెళ్లి ఇసుకలో పాతాడు. నీళ్ల దగ్గర పొట్టిది, దాని వెనక దూరంగా కంచె దగ్గర పొడుగుది. రెండింటికీ చెరొక లుంగీ జెండాలా కట్టాడు. పొడుగు పైపుకి కట్టిన గళ్ల లుంగీ నాది, అడక్కుండానే తీసుకుపోయాడు.

"ఏమప్పా, మీ బావ దినామూ సందేళ నీళ్లకాడికి యాల పోతాండాడు?" అని మామ నన్ను బస్సు వెనక్కి తీసుకెళ్లి అడిగాడు. "ఓడలొచ్చినంక జెండాలు పాతేది ఏందప్పా? నాకు అనుమానంగా ఉండాది." నాకూ లేకపోలేదు. కానీ నా అనుమానం వేరు. ఈయన ఏదో ఒక పడవ సంపాదించి, ఎవరికీ చెప్పకుండా సముద్రం మీద బహ్రెయిన్ వైపు పారిపోయే ఆలోచనలో ఉన్నాడని, అది తన ఊరు కాదనీ దారినిండా యుద్ధం ఓడలున్నాయనీ పట్టని మొండితనం ఆయనదని నాకు అనిపించింది. అక్కకిచ్చిన మాట గుర్తొచ్చింది. నా లుంగీ కట్టుకుని మరీ పారిపోతాడా అని కోపం కూడా వచ్చింది.

మర్నాడు నేనూ వెనకే వెళ్లాను. ఆయన వెనక్కి తిరక్కుండానే పసిగట్టి, "ఏటి బామ్మర్దీ, నన్ను కాపలా కాస్తున్నావేటి?" అన్నాడు. ఏమి దాస్తున్నావో చెప్పకపోతే అక్కకి ఫోన్ చేయిస్తానన్నాను. అక్క పేరెత్తేసరికి ఇసుకలో కూలబడ్డాడు. పైపుల వైపూ నీళ్ల వైపూ చూసి నోరు విప్పాడు. వాళ్ల తమ్ముడు ఉత్తరాన సరిహద్దు పట్నంలో ఒక అరబ్బు యజమాని లాంచీ మీద వేటకి పోతున్నాడట. ఆ పట్నం ఖాళీ చేయించారనీ, లాంచీలవాళ్లు కొందరు దక్షిణానికి పడవల మీదే బయల్దేరారనీ ఒక లారీ డ్రైవరు చెప్పాడట. అప్పటి నుంచి తమ్ముడి జాడ లేదు.

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?" అంటే, "సంద్రంల ఉన్నోడి ఊసు ఒడ్డున ఎత్తకూడదు. ఎత్తితే ఆడు ఒడ్డుకి రాడు. మాయమ్మ కూడా మా అయ్య ఊసు ఎత్తీది కాదు, ఒక్కసారి ఎత్తినాది" అన్నాడు. ఆ ఒక్కసారి ఏమైందో నేను అడగలేదు. వాళ్ల ఇంట్లో వేటకి పోయినవాడి కంచం కూడా పేరు పెట్టి పిలవరట, 'ఆ కంచం' అంటారట. ఇప్పుడు నాకు చెప్పాల్సి వచ్చినందుకు ఆయన ముఖం పాలిపోయింది, చెయ్యకూడని పని చేసినవాడిలా చేతులు ఇసుకలో రుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఇక పైపుల సంగతి. అక్కడి సముద్రం మనదిలా ఎగిసిపడేది కాదు, పైకి చాప పరిచినట్టే ఉంటుంది, లోపల మాత్రం ఇసుక మేటలు. ఒక్కచోట మాత్రం పడవ పట్టేంత లోతైన సందు ఉంది, మా బావ కాలితో తడిమి పట్టుకున్నది అదే. వాళ్ల ఊళ్లో అలాంటి సందుకి ఎదురుగా రెండు వాసాలు ఒకదాని వెనక ఒకటి పాతి గుడ్డలు కడతారట. నీటి మీద నుంచి చూసేవాడికి ఆ రెండూ ఒక్కటిగా కలిసి కనిపిస్తే దారిలో ఉన్నట్టు, విడిపోతే పక్కకి పోతున్నట్టు. తీరం వెంట దిగివచ్చే తమ్ముడు ఆ గుర్తు చూస్తే ఒడ్డున మనవాళ్లున్నారని ఇట్టే తెలుసుకుంటాడు. "రోడ్డెంట రాడా?" అని నేను అమాయకంగా అడిగాను. మా బావ నన్ను జాలిగా చూశాడు. "మాయింట్ల రోడ్డెంట నడిసొచ్చీవోడు లేడు. ఆడొస్తే నీటెంటే వస్తాడు."

రెండు రోజులు గడిచాయో లేదో, హెల్మెట్లు పెట్టుకున్న అమెరికా సైనికులు కొందరు చిన్న రబ్బరు పడవలో మా ఒడ్డుకే వచ్చారు. ఇసుకలో ఇనుప చువ్వలు దిగేసి గట్టిదనం చూశారు, నీళ్లలో దిగి కాలితో అడుగు తడిమారు, అచ్చం మా బావ లాగే. ఆ పైన రెండు రంగు పలకలు తెచ్చి ఒకటి ముందూ ఒకటి వెనకా, ఒకే వరసలో పాతి వెళ్లిపోయారు. అవి మా లుంగీలకి కూతవేటు దూరంలో ఉన్నాయి. కంచె దగ్గర నిలబడ్డ మా వాళ్లందరూ ఆ పలకల్ని చూశారు, లుంగీల్ని చూశారు, మళ్లీ మా బావని చూశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా బల్ల మీద మేమిద్దరమే మిగిలాం.

మర్నాడు మధ్యాహ్నం తీరం కాపలావాళ్ల జీపు వచ్చింది. ముదీర్ అందరినీ ఎండలో వరసగా నిలబెట్టాడు. ఆ గుడ్డలు పాతింది ఎవరు అని అడుగుతూ, చెప్పినవాళ్లకి మంచి జరుగుతుందని తన మాట కూడా కలిపాడు, నవ్వుతూ. మా బావ నోరు విప్పడని నాకు తెలుసు, తమ్ముడి ఊసు ఇంకోసారి ఎత్తడు, ఎత్తకుండా ఆ పైపులకి కారణం చెప్పలేడు. కారణం లేని జెండా పాతినవాణ్ణి ఆ రోజుల్లో ఎక్కడికి తీసుకుపోతారో, ఎన్నాళ్లకి వదులుతారో ఎవరికి తెలుసు. నేనే చెబుదామంటే, నా అరబ్బీ స్విచ్చులూ వైర్లూ దాటి పోదు.

అప్పుడు వరసలోంచి మామ ముందుకి వచ్చాడు. ఇక అయిపోయిందనుకున్నాను, అందరికంటే ముందు అనుమానపడ్డవాడు ఆయనే మరి. మామ కాపలావాడికి సలాము చేసి, తన బస్సు అరబ్బీలో, చేతులు తిప్పుతూ, అవి బట్టలారేసుకునే గుంజలని చెప్పాడు. క్యాంపులో నీళ్లుంటే సబ్బు ఉండదు, సబ్బుంటే నీళ్లుండవు, రెండూ ఉన్నరోజు ఆరేసుకునే చోటుండదు, ఈ ముదీర్ మాకొక తాడు కూడా కట్టించడు అని ఎదురు ఫిర్యాదు కూడా చేశాడు. కాపలావాడు ఇసుకలోకి వెళ్లి గుడ్డ పట్టుకుని చూశాడు. చిరుగులు పడ్డ నా గళ్ల లుంగీ. ఎన్ని దేశాల గూఢచారుల్ని ఊహించుకుని వచ్చాడో పాపం, నవ్వాపుకోలేకపోయాడు. అయినా పీకెయ్యమన్నాడు. పైపులు పీకించి, ఇక్కడ ఇక ఏమీ పాతకూడదని చెప్పి వెళ్లిపోయాడు.

నేను మామ చేతులు పట్టుకుంటే విదిలించుకున్నాడు. "మీ బావ మింద నమ్మకం కుదిర్నాదని కాదప్పా. మనోణ్ణి మనం ఎంతైనా అనుమానించుకుంటాం. పరాయోని చేతికి ఇచ్చేది మాత్రం ల్యా." బావ ఒప్పుకోకపోయినా ఆయనకి అసలు సంగతి నేనే చెప్పేశాను. మామ గడ్డం గోక్కుంటూ విని, ఇది కూడా అబద్ధమై ఉండవచ్చు అన్నాడు.

పైపులు పోయాక మా బావకి అన్నం దిగలేదు. ఇసుకలో ఏమీ పాతకూడదన్నారు గానీ మనుషులు నిలబడకూడదని అనలేదు కదా. మర్నాటి సాయంత్రం నుంచి నీళ్ల దగ్గర మా బావ, కంచె దగ్గర నేను, నెత్తికి చెరో లుంగీ చుట్టుకుని ఒకే వరసలో నిలబడ్డాం. ఎవరైనా చూస్తే గాలి పీల్చుకుంటున్నాం అంతే. ముందు మా భోజనం బల్ల విడిచి లేచినవాళ్లే ఒకరొకరుగా వచ్చి ఏం చెయ్యాలని గొణిగారు. మామ ఏం చెప్పాడో ఏమో. ఆ తర్వాత పని దిగి వచ్చినవాళ్లు ఎవరో ఒకరు నా చోట నిలబడేవారు. తమిళవాళ్లు, బెంగాలీలు, పెషావరు వంటవాడు కూడా. మా బావ చోటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

మామ ఒక్కడే ఎన్నడూ రాలేదు. ఆయన బస్సు మెట్టు మీద కూర్చుని వెనక గేటూ రోడ్డూ చూస్తూ ఉండేవాడు. ముదీర్ తన కారులో నీళ్ల సీసాలు సర్దుకుంటున్నాడని, మన పాస్‌పోర్టులున్న ఇనప్పెట్టె తాళం మెడలో వేసుకుని తిరుగుతున్నాడని, మీరంతా సముద్రం చూస్తూ ఉంటే వీడు రోడ్డు మీద నుంచి జారుకుంటాడని ఆయన గోల. యుద్ధం కళ్లెదుట పెట్టుకుని ఈయనకి ఎప్పుడూ ముదీర్ గొడవేనా అని మేము విసుక్కునేవాళ్లం.

ఓడలవాళ్ల రిహార్సల్ ఒక గాలి రోజున జరిగింది. పొద్దున్నుంచే సముద్రం తెల్లగా నురగలు కక్కుతోంది. తలుపులు తెరుచుకున్నాయి, పడవలు బయటికొచ్చాయి, వాటిలో కొన్ని నీళ్ల మీద కాకుండా గాలి మీద తేలే రకం, అవి లేపే తుంపరలో అవే కనిపించకుండా పోయేవి. ఆ చప్పుడుకి కంచె వణికింది. క్యాంపు క్యాంపంతా కంచె దగ్గరే ఉంది, వంటవాడు పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చాడు. మా బావ ఒక్కడే ఆ పెద్ద పడవల్ని చూడలేదు. వాటి సందుల్లోంచి ఒక చిన్న కర్ర లాంచీ కనబడుతుందేమోనని వెతుకుతున్నాడు. పలకల వరస పట్టుకుని దూసుకొచ్చిన బల్లపరుపు పడవలు గాలికి పక్కకి కొట్టుకుపోయి, ఒడ్డెక్కకుండానే ఒకటొకటిగా వెనక్కి తిరిగాయి. అంత పెద్ద పడవలే రాలేని నీళ్లలో తన తమ్ముడి లాంచీ ఎలా వస్తుందన్న ఆలోచన ఆయనకి అప్పుడే తగిలిందనుకుంటాను. నెత్తిన లుంగీ తీసి భుజాన వేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి బస్సు హారన్ మోగింది. ఆగకుండా, ఒకటే మోత. దాడి అనుకుని కొందరు ఇసుకలో బోర్లా పడ్డారు. మేం పరిగెత్తుకుంటూ వెనక గేటుకి వెళ్లేసరికి, మామ బస్సుని గేటుకి అడ్డంగా పెట్టి స్టీరింగు మీద ఒరిగి హారన్ నొక్కుతున్నాడు. బస్సుకి ఇవతల ముదీర్ కారు, వెనక సీటు నిండా పెట్టెలు. ముదీర్ కిందికి దిగి కేకలేస్తున్నాడు. బ్రేకు పట్టేసింది, బండి కదలదు అంటున్నాడు మామ ఎంతో వినయంగా. ఇక బస్సుకి అవతల, రోడ్డు నుంచి క్యాంపుకి నీళ్లు తెచ్చే ట్యాంకరు లోపలికి రాలేక ఆగి ఉంది. దాని మీద కూర్చుని వచ్చిన మనిషి ఒకడు దారి ఎందుకు ఆగిందో చూద్దామని అప్పటికే దిగి ఉన్నాడు.

చెప్పులు లేవు. ఒంటి మీద ఎవరిదో అరబ్బు చొక్కా. పెదాలు ఎండకి పగిలిపోయి ఉన్నాయి. క్యాంపు క్యాంపుకీ శ్రీకాకుళం మనుషులున్నారా అని అడుగుతూ వస్తున్నాడట. మామ ఆ ఒక్క మాటా విన్నాకే హారన్ మీద చెయ్యి వేశాడట.

మా బావ బస్సు కిందినుంచి పాకి అవతలికి పోయాడు. కౌగిలించుకుంటాడనుకున్నాం. "పడవేదిరా?" అని అరిచాడు.

"ఒగ్గీసినానన్నియ్యా. నీళ్లల్ల మందుగుండు ఏసినారంట, ఎవులూ ఎల్లొద్దన్నారు. రోడ్డెంట నడిసొచ్చినాను" అన్నాడు తమ్ముడు తలొంచుకుని, తప్పు చేసినవాడిలా. మా బావ చెయ్యెత్తాడు, ఆ చెయ్యి తమ్ముడి చెంప దాకా పోయి అక్కడే ఆగి, చెంపనే తడుముతూ ఉండిపోయింది. ఆ తర్వాత రోడ్డు మీద గొంతుక్కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఎందుకు దాచాలి.

అంతమంది చుట్టూ నిలబడేసరికి ముదీర్ కేకలు తగ్గాయి, నవ్వు కూడా తగ్గింది. కారులోంచి ఇనప్పెట్టె దింపించి ఎవరి పాస్‌పోర్టు వాళ్ల చేతికి ఇప్పించేదాకా మామ బస్సు బ్రేకు బాగవలేదు. బాగయ్యాక ముదీర్ వెళ్లిపోయాడు, ఎవరూ ఆపలేదు. తమ్ముణ్ణి మా గదిలో మా ఇద్దరి మంచాల మధ్య చాప మీద పడుకోబెట్టుకున్నాం. వంటవాడి మాడిన అన్నమే ఆ రోజు అందరం తిన్నాం.

యుద్ధం అయిపోయింది. ఆ తలుపు ఓడలు నిజంగా ఏ ఒడ్డునా సైన్యాన్ని దించలేదు. శత్రువు కళ్లు సముద్రం మీదే ఉండేలా వాటిని అక్కడ తిప్పారనీ, అసలు సైన్యం వెనక ఎడారిలోంచి వెళ్లిందనీ రేడియోలో చెప్పారు. అది విన్న మామ రెండు రోజులు గర్వంతో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత మాత్రం, ఆ రేడియో మాట కూడా నాకు అనుమానమే అన్నాడు.

మామ పోయి చాలాకాలమైంది. కడపలో ఆయన ఖననానికి నేను వెళ్లలేకపోయాను, ఆ బాధ ఇంకా ఉంది. మా బావ పెద్దవాడైపోయాడు, వీడియోలో కనిపిస్తే ముందుగా అడిగేది అక్కడ గాలెటు వీస్తోందనే. ఇప్పుడు మా అమ్మాయి ఉండే భవనంలో తలుపు తీస్తే ఎదురింటివాళ్ల పేరు తెలియదు. అల్లుడు ఎక్కడున్నాడో ఫోనులో నీలం చుక్క చూపిస్తుంది, అందుకని ఎవరూ ఎవరికోసమూ బయటికొచ్చి నిలబడరు. ఎవరూ ఎవరినీ అనుమానించరు కూడా. మంచిదేననుకోవాలి. కానీ ఆ క్యాంపులో ఒకడు ఆలస్యంగా వస్తే ఎందుకొచ్చాడు, ఎటుపోయాడు, ఏం మోసుకొచ్చాడు అని ఇరవై కళ్లు వెంటాడేవి, ఆ కళ్లలో విసుగూ ఉండేది, అనుమానమూ ఉండేది, అయినా ఒక్కడు తక్కువైతే అన్నం ముందు తెలిసిపోయేది. ఇప్పుడు నేను ఒకపూట కనిపించకపోతే చుక్క కదలలేదని తెలుస్తుంది, అంతే.

ఆ బూడిదరంగు ఓడ కనుమరుగయ్యాక జనం ఫోన్లు దించి మళ్లీ కూర్చున్నారు. మా అమ్మాయి ఈసారి వేళాకోళం చెయ్యకుండా వచ్చి నా పక్కన, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. ఎవరి కోసం నాన్నా అని అడిగింది. ఎవరూ లేరమ్మా, అందరూ వచ్చేశారు అన్నాను. మరెందుకంది. మా కోసం ఇటు చూసినాయన పోయాడమ్మా, ఆ డ్యూటీ ఇప్పుడు నాది అన్నాను. దానికి అర్థమైందో లేదో నాకు అనుమానమే. చీకటి పడేదాకా నా పక్కనుంచి లేవలేదు గానీ.